తెల్ల బూడిద

తాగుతాడా అని కూడా అడగలేదు, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడు అని అడిగాడు ఆ డాక్టరు, ఏలూరులో అంత హస్తవాసి ఉన్నవాడు లేడని అందరూ చెప్పుకునే ఉమాపతిగారు, తల ఎత్తకుండానే అడిగాడు, అడిగి జవాబు కోసం చూడకుండా కలం విదిలించి సిరా వస్తోందో లేదో చూసుకున్నాడు. తాగడండీ, అంది నాంచారమ్మ. ఇప్పుడు ప్యాసింజరు బండిలో మొగుడి పక్కన చెక్కబల్ల మీద కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, ఆ మాట మళ్ళీ అంటోంది లోపల, తాగడండీ, తాగడండీ, బండి చక్రాలు కూడా అదే అంటున్నాయి, కానీ అప్పుడు అన్నంత మెత్తగా ఇప్పుడు అనడం లేదు. అప్పుడు ఎందుకంత మెత్తగా అంది? చేతులు కట్టుకుని, తలవంచుకుని, తనదే ఏదో తప్పయినట్టు. ఆయన అంకయ్యని రెండు చేతులూ ముందుకి చాపమన్నాడు, చాపిన వేళ్ళ మీద ఒక కాగితం ముక్క పెట్టాడు. కాగితం గాలి లేకుండానే రెపరెపలాడింది. అప్పుడు డాక్టరు కాంపౌండరు నిత్యానందం వైపు చూసి నవ్వాడు, చూశావా అన్నట్టు. పెళ్ళాలందరూ ఇదే చెబుతారయ్యా, అన్నాడు. నిత్యానందం కూడా నవ్వాడు. అంకయ్య కూడా నవ్వాడు, అదీ ఆమెకి మింగుడుపడనిది, ఇరవై ఏళ్ళ కాపురంలో కల్లుముంత వాసన చూడని మనిషి, తన చేతుల మీద ఎగిరే కాగితాన్ని చూసి డాక్టరుగారితో పాటు నవ్వాడు, పెద్దవాళ్ళు నవ్వితే నవ్వాలి కాబట్టి. మా ఇంట్లో కొర్రమీను చచ్చిపోయిందండీ, అని ఆమె చెప్పబోయింది, ఆ మాట అక్కడ ఎలా వినిపిస్తుందో ఆలోచించకుండా. అయితే చేపల డాక్టరు దగ్గరికి వెళ్ళవమ్మా, అన్నాడాయన, కోపంగా కాదు, ముద్దుగానే అన్నాడు, బలానికి టానిక్కు రాసిచ్చి తరవాతి మనిషిని పిలిచాడు.

దెందులూరు దాటింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి అంకయ్య మోకాళ్ళ మీద పడింది. కిటికీ చెక్కకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడో, నిద్రపోతున్నట్టు ఉన్నాడో ఆమెకి తెలియదు, ఈ మధ్య రెండూ ఒకటే అయిపోయాయి. కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. తువ్వాలు కదులుతోంది. తడిగోనె కింద బతికున్న చేప కదిలినట్టు, ఆగి, ఆగి, మళ్ళీ. ఎదుటి బల్ల మీద కూర్చున్న పెద్దావిడ, తెల్లంచు చీర, వత్తుల సంచీ, భీమడోలు కూతురింటికి వెళ్తున్నానని ఎక్కగానే అందరికీ చెప్పిన ఆవిడ, ఆ తువ్వాలునే చూస్తోంది. చూడనీ. చూసి ఏమనుకుంటుందో నాంచారమ్మకి తెలుసు. వీధిలో అందరూ అనుకుంటున్నదే. మిల్లు దగ్గర హమాలీలు అనుకుంటున్నదే. అంకయ్య ఎక్కడో చాటుగా వేస్తున్నాడురా, లేకపోతే చెయ్యి అలా ఎందుకాడుతుంది. వాళ్ళలో సగంమంది సాయంకాలానికి కాలవగట్టు మీద పడి ఉంటారు, వాళ్ళ చేతులు మాత్రం నిలకడగా ఉంటాయి, బస్తా ఎత్తితే జారదు. తాగినవాళ్ళ చేతులు బాగానే ఉన్నాయి. తాగనివాడి పేరు పాడైంది. ఇదెక్కడి న్యాయం అని అడగడానికి కూడా ఎవరూ లేరు, డాక్టరుని అడుగుదామంటే ఆయనే మొదట ఆ మాట అన్నాడు.

ఒళ్ళో డబ్బా బరువు తొడ మీద ఒత్తుకుంటోంది. పేపరు చుట్టి జనపతాడు కట్టి ఇచ్చాడు షాపు సత్యనారాయణమూర్తి. బండి ఊగినప్పుడల్లా మూత దగ్గర పేపరు చీలికలోంచి తెల్లటి పొడి కొంచెం కొంచెం రాలుతోంది, నీలం చీర మీద చిన్న చిన్న మచ్చలు. పొద్దున్న బయల్దేరుతుంటే సుబ్బరాజుగారు, తాడేపల్లిగూడెంలో రెండు బియ్యం మిల్లులున్న రాజుగారు, వరండాలోంచి పిలిచారు. ఏమ్మా నాంచారమ్మా, అంకయ్యని డాక్టరుకి చూపిస్తున్నావా, మంచిపని. ఎలాగూ ఏలూరు వెళ్తున్నారు కదా, మూర్తి షాపులో గులాబీల మందు డబ్బా ఒకటి తీసుకురండి, నేను చెప్పి ఉంచానులే. ఎలాగూ. మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఎలాగూ, వచ్చేటప్పుడు మందు డబ్బా తేవడం ఎలాగూ. రాజుగారు ఎప్పుడూ గొంతు పెంచరు. ఆయన తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు తిరగడానికి ఒక గోడ ఉంటుంది. మెత్తటి మనిషి మీద కోపం ఎక్కడ ఆనించాలి? షాపులో డబ్బా మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఇవేంటండీ, అని అడిగింది ఆమె. సత్యనారాయణమూర్తి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అవి పురుగుల కోసం రాసినవమ్మా, చదువుకుని భయంతో చస్తాయి, అన్నాడు. షాపులో ఉన్న రైతులు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంత ఎర్రగా ఎందుకు రాస్తారు? పసుపు డబ్బా మీద, పొగాకు డబ్బా మీద, ఇంత ఎర్రగా ఎవరూ రాయరే. రాసినవాడు ఎవడో, ఎక్కడివాడో, చెప్పవలసింది చెప్పేశానని చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాడు. చదవగలిగినవాళ్ళు డబ్బా ముట్టుకోరు, ముట్టుకునేవాళ్ళు చదవలేరు. మధ్యలో మూర్తిగారి పరాచికం.

పెద్దావిడ ఇక ఉండబట్టలేక ముందుకి వంగింది.

"ఏమ్మా, మీ ఆయనకి ఒంట్లో బాగా లేదా?"

"చేతులు వణుకుతున్నాయండీ."

"అయ్యో పాపం. ఎన్నాళ్ళయింది మొదలెట్టి?"

వణకడమా, తాగడమా అని నాంచారమ్మ అడగలేదు. పెద్దావిడ గొంతు తగ్గించి, బెల్లం ముక్క అందించినంత ఆప్యాయంగా చెప్పుకుపోయింది. "మా మరిదికీ ఇలాగే ఉండేది తల్లీ. పరగడుపున నిమ్మకాయ ఊరగాయ తినిపించమన్నారు ఎవరో. నెల తిరక్కుండా మానేశాడు. నువ్వు గట్టిగా ఉండాలి. ఆడది గట్టిగా ఉంటే మగాడు దారిలో ఉంటాడు."

"అలాగేనండీ," అంది నాంచారమ్మ. మళ్ళీ అదే మెత్తదనం. నోరు తనదే, మాట ఎవరిదో. చిన్నప్పటి నుంచీ నేర్పిన ఈ అండీ, అలాగేనండీ, ఎవరు దేని గురించి అన్నా సరే ముందు వచ్చి గుమ్మంలో నిలబడే ఈ అండీ, దీని వెనక లోపల ఏం మండుతోందో ఎవరికి తెలుస్తుంది. నిప్పు మీద నివురు లాంటిది. నివురు అనుకోగానే బూడిద గుర్తొచ్చింది, బూడిద గుర్తొచ్చాక ఇంకేదీ గుర్తురాలేదు.

బూడిద. వాళ్ళ బతుకంతా బూడిదతోనే కదా. అంకయ్య తండ్రి తోటమాలి, గణపవరంలో ఒక కరణంగారి పెరట్లో బీరపాదులూ కనకాంబరాలూ పెంచి ముసలివాడైపోయినవాడు. ఆకుకి పురుగు పడితే ఆయన ఒకటే మందు వేసేవాడు. తెల్లవారుజామున, ఆకుల మీద మంచు ఆరకముందే, పొయ్యిలో బూడిద పల్చటి గుడ్డసంచీలో పోసి, ఎడంచేత్తో పట్టుకుని కుడిచేతిలో పుల్లతో తడుతూ పాదు వెంట నడిచేవాడు. మంచు మీద బూడిద పట్టుకుంటుంది, ఎండెక్కాక కొడితే రాలిపోతుంది. ఆ బూడిదతోనే పళ్ళు తోముకున్నారు, గిన్నెలు తోముకున్నారు, దెబ్బ తగిలితే అదే అద్దుకున్నారు, బాలింత గుమ్మం ముందు అదే చల్లారు. బూడిద ఎవరికి చెడు చేసింది? కాలవలసింది కాలిపోయాక మిగిలేదే బూడిద, ఇంక దానిలో కీడు ఏముంటుంది? కొడుక్కి ఆ చెయ్యే వచ్చింది. రాజుగారి తోటలో చేరిన రెండో ఏడు, గులాబీలు కాగితాల్లా చిల్లులు పడుతుంటే, రాజుగారు మొదటిసారి ఒక డబ్బా తెప్పించి ఇచ్చారు. ముక్కిపోయిన వాసన, తెల్లటి మెత్తటి పొడి. మూత తీసి చూసి అంకయ్య అన్న మొదటిమాట ఆమెకి ఇప్పటికీ వినిపిస్తోంది. ఓసి నాంచారీ, ఇది తెల్ల బూడిదే. అంతే, ఆ పేరే ఉండిపోయింది. సంచీ కుట్టివ్వమన్నాడు. తన పాత పసుపు చీర చింపి, మెత్తగా అరిగిన పమిట ముక్కతో, సన్నటి కుట్లు వేసి కుట్టి ఇచ్చింది. మంచు పడ్డ తెల్లవారుజామున, తండ్రి నడిచినట్టే, చొక్కా లేకుండా, తడుతూ నడిచాడు. తోటలోంచి వచ్చేసరికి కనుబొమ్మలూ మీసాలూ ఛాతీ అన్నీ తెల్లగా, విభూది పూసుకున్న బైరాగిలా ఉన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, భిక్ష లేదు సామీ, పై ఇంటికి వెళ్ళు, అంది. ఇద్దరూ ఎంత నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా ఇప్పుడు ఆమెకి పగగా తోస్తోంది, ఎవరో తమ ఇద్దరినీ ఆ గుమ్మంలో నిలబెట్టి నవ్వించి, అటువైపు తిరిగి ఏదో పట్టుకుపోయినట్టు.

పురుగులు రెండురోజుల్లో రాలిపోయాయి. ఇంత శక్తి ఉన్న బూడిద ఇంకెన్నిటికి పనికొస్తుందో అనిపించింది ఇంట్లో. ఆమె తలలో పేలకి చిటికెడు రాసి గుడ్డ కట్టాడు. మంచం పట్టెల సందుల్లో నల్లులకి చల్లాడు. ఖాళీ డబ్బా కడిగి ఉప్పు పోసుకున్నారు, గట్టి డబ్బా, మూత బిగుతుగా పడుతుంది. ఎండాకాలంలో మంచు ఉండదు కాబట్టి పొడిని నీళ్ళలో కలిపి పిచికారీతో కొట్టాలని రాజుగారు చెప్పారు. కలపడానికి కర్ర ఉంది. కర్రతో ఎవరు కలుపుతారు? ఆమె వాకిట్లో పేడ కలిపి కళ్ళాపి చల్లడానికి చెయ్యి వాడదూ? చేత్తో కలిపితేనే ఉండలు లేకుండా కలుస్తుంది, చేతికి తెలుస్తుంది చిక్కదనం. అతనూ అంతే, తొట్టిలో మోచేతి దాకా ముంచి, గుండ్రంగా తిప్పి, వేళ్ళతో ఉండలు చిదిపి కలిపేవాడు. ఆ చెయ్యే తుడుచుకుని వచ్చి అన్నం కలుపుకునేవాడు. కుడిచెయ్యి. ఇప్పుడు తువ్వాలు కింద ఉన్నది అదే.

మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరన్నాడు. చలి అనుకున్నారు. తరవాత తలనొప్పి, ఎండ అనుకున్నారు. ఒకరోజు టీ గ్లాసు సాసరు మీద టకటకలాడింది, ఇద్దరూ దాని వైపు చూశారు. అతని తండ్రి డెబ్బై ఏళ్ళప్పుడు మామిడి అంటు కట్టేవాడు, కత్తితో వెంట్రుకంత సందు చేసి దాంట్లో కొమ్మ దూర్చేవాడు. అంకయ్యకి ఇంకా యాభై నిండలేదు. మొన్న ప్రదర్శనకి పంపవలసిన గులాబీ, నెలరోజులు పురుగుకీ ఎండకీ అడ్డంపడి కాపాడిన మొగ్గ, కత్తెర పట్టుకున్న చెయ్యి కదిలి మెడ దగ్గర తెగి మట్టిలో పడింది. రాజుగారు పక్కనే ఉన్నారు. ఆయన తిట్టలేదు. వంగి ఆ మొగ్గ తీసి, దుమ్ము ఊది, అంకయ్య జేబులో పెట్టారు. పెట్టి, నీ బదులు ఎవరినైనా చూసుకో అంకయ్యా, మీవాళ్ళే అయితే ఆ గది మీకే ఉంటుంది, అన్నారు. తోట వెనక పెంకుటి గది. తలుపు లేదు, గోనెపట్టా తెర. అయినా గది. చెయ్యి వణికే మనిషిని తీసుకుని ఆమె ఎక్కడికి వెళ్తుంది? అందుకని కొల్లేరుకి కబురుపెట్టింది. తమ్ముడు సూర్రావు రేపు పొద్దున్న తోటలో దిగుతాడు. ఈ సాయంకాలం స్టేషనుకి వస్తానన్నాడు. డబ్బా సూర్రావు కోసమే.

గాలి మళ్ళింది. ఎదుటి పెద్దావిడ ముక్కు ముడిచి, అబ్బ, ఏంటమ్మా ఆ వాసన, ఆ డబ్బాలోదేనా, అని పమిట చెంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. భీమడోలు రాగానే వత్తుల సంచీ పట్టుకుని దిగిపోతూ కూడా చెంగు తియ్యలేదు. మామూలు విషయమే. వాసన వస్తే ఎవరైనా ముక్కు మూసుకుంటారు. కానీ ఆ చెంగు, ఆ తెల్లంచు, ముక్కు మీదికి వెళ్ళిన ఆ చెయ్యి నాంచారమ్మ కళ్ళలోంచి పోలేదు. ఇంకెక్కడో చూసింది దాన్ని. బండి కదిలింది, ప్లాట్‌ఫారం మీద బుట్టలు వెనక్కి పోయాయి, పొలాలు వచ్చాయి, అప్పుడు తెలిసింది ఎక్కడో. కిటికీలు. రాజుగారి భార్య మేడ మీది నుంచి పిలిచేది, నాంచారమ్మా, ఇవాళ మందు కొడుతున్నారట, కిటికీలు మూసెయ్, పిల్లల్ని లోపలికి తోలు. నాంచారమ్మే వెళ్ళి మూసేది. కింద గదులు, మేడగదులు, పూజగది, ఒక్కొక్క కిటికీ రెక్క లాగి గడియ పెట్టేది. బయట అంకయ్య మోచేతి దాకా తొట్టిలో ముంచి కలుపుతుంటే గాజులోంచి కనిపించేవాడు. వాసన పోయేదాకా, రెండురోజులు, పిల్లలు తోటలోకి రాకూడదు. రాజుగారి పొద్దుటి నడక కూడా ఆ రెండురోజులు మేడ మీదే. ఇన్నేళ్ళూ మూసింది. మూసి, గడియలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, చేతులు కడుక్కుని, తెర తప్ప తలుపు లేని తన గదికి వచ్చి వంట చేసింది.

వాళ్ళకి తెలుసు. అంతా తెలియకపోవచ్చు. చెయ్యి వణుకుతుందని తెలియకపోవచ్చు, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నాడని అడిగే డాక్టరుకే తెలియనిది వాళ్ళకేం తెలుస్తుంది. కానీ కిటికీ మూసేంత తెలుసు. కిటికీ మూసేంత తెలిసినవాళ్ళు, బయట ఉన్నవాడికి ఒక మాట చెప్పేంత తెలియనివాళ్ళు కారు. అంకయ్యా, చేత్తో కలపకు. నాలుగు మాటలు కూడా లేవు. గులాబీకి నీళ్ళు ఎక్కువైతే చెప్పేవారు, క్రోటన్ కుండీ అంగుళం పక్కకి జరిగితే చెప్పేవారు. ఈ ఒక్కటే ఎందుకు చెప్పలేదు? పగతో కాదు. అంకయ్య మీద ఎవరికీ పగ లేదు. చెప్పాలని తోచలేదు, అంతే. ఆ తోచకపోవడం దగ్గరే ఆమె కోపం ఆగి, కొట్టుకుని, మళ్ళీ లేస్తోంది. మనిషిని చంపాలనుకుంటే కనీసం ఆ మనిషి ఉన్నాడని అనుకోవాలి. వీళ్ళు కిటికీలు మూసినప్పుడు, మూసిన కిటికీకి అవతల ఎవరో ఉన్నారని అనుకోలేదు. మూసిన తనకి కూడా తోచలేదు, అది ఇంకా మంట. తన చేతులతో గడియ పెడుతూ, గాజులోంచి సొంత మొగుణ్ణి చూస్తూ, పెద్దింటివాళ్ళు, వాళ్ళ ఊపిరి సున్నితం, అనుకుంది. తమ ఊపిరి మొద్దు అని ఎవరు చెప్పారు తనకి? ఎవరూ చెప్పలేదు. అండీ లాగా అదీ పాలతో పాటే వచ్చింది.

చీర మీద రాలిన పొడిని దులపబోయి చెయ్యి ఆపుకుంది.

కొర్రమీను సంగతి డాక్టరు వినలేదు. వినిపించడం తనకే చేతకాలేదు. కొల్లేటి లంకలో పుట్టినవాళ్ళకి కొర్రమీను అంటే ఏమిటో ఆయనకి ఎలా చెప్పాలి. నీళ్ళు ఎండిపోతే బురదలో దూరి, నెలల తరబడి ఊపిరి బిగబట్టి, మొదటి వాన పడగానే లేచే చేప అది. కుండలో జానెడు నీళ్ళు పోసి వారాలు బతికించుకుని, చుట్టాలు వచ్చినప్పుడు తీసి వండుకుంటారు. కోసి ముక్కలు చేసినా కాసేపు కదులుతుంది. చిన్నప్పుడు తనకీ సూర్రావుకీ వాళ్ళ అయ్య అప్పన్న చెప్పేవాడు, ఒరేయ్, కొర్రమీనుకి చావడం రాదురా, మనమే నేర్పాలి అని. పోయిన శీతాకాలం సూర్రావు నాలుగు కొర్రమీలు కుండలో తెచ్చాడు, బావకి బలమని. గది బయట ఇత్తడి గంగాళంలో వదిలారు. సాయంకాలం తోటలోంచి వచ్చిన అంకయ్య చీకట్లో చూసుకోక ఆ గంగాళంలో చేతులు కడుక్కున్నాడు. చేతులే. డబ్బా కాదు, సంచీ కాదు, ఒట్టి చేతులు. ఆమె అన్నం వార్చి వచ్చేసరికి నాలుగూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. సూర్రావు ఒకదాన్ని ఎత్తి చూసి, అక్కా, బావ చేతులు చూస్తే యముడు కూడా పారిపోయేటట్టున్నాడు, అన్నాడు. అప్పుడూ నవ్వారు. ఎన్నిసార్లు నవ్వాడో ఈ మొగుడు, ఎన్నిసార్లు నవ్విందో తను. చావడం రాని చేపకి చావు నేర్పిన చేతులు, తొమ్మిదేళ్ళుగా అతని ఒంటికే ఉన్నాయి. దీనివల్లే వణుకు అని ఆమె ప్రమాణం చెయ్యలేదు. డాక్టరు చదివినవన్నీ ఆమె చదవలేదు. కానీ ఆ చదివినవాడు ఏం పని చేస్తావు అని ఒక్కమాట అడగలేదు.

సూర్రావు చేతులు గుర్తొచ్చాయి. అసలు వాడి మొహం కంటే చేతులే ముందు గుర్తొస్తాయి. వెదురు సూదితో వల అల్లుతుంటే చూపు ఎక్కడో ఉంటుంది, మాట ఎవరితోనో ఉంటుంది, చేతులు మాత్రం ముడి మీద ముడి, ముడి మీద ముడి, అన్నీ ఒకటే కొలత. తాటిదోనె మీద నిలబడి వల విసిరితే అది గాలిలో గుండ్రంగా విచ్చుకుని పళ్ళెంలా నీళ్ళమీద పడుతుంది. రెండేళ్ళ వరదలకి దోనె పోయింది, చేపా పలచబడింది, అందుకే పిలవగానే వస్తానన్నాడు. వాడి పెళ్ళాం కనకరత్నానికి ఇది ఏడో నెల. పుట్టే బిడ్డతో కలిపి ఆ ముగ్గురూ కూడా ఆ తెర వెనకే ఉంటారు. ఆ చేతులు రేపు తొట్టిలో మునుగుతాయి. ఎలా కలపాలో బావ చూపిస్తాడు.

పూళ్ళ దాటాక కాలవ వచ్చింది, పట్టాల పక్కనే, ఎండలో మెరుస్తూ. నాంచారమ్మ లేచి నిలబడింది. తలుపు దాకా నాలుగడుగులు. విసిరేస్తే చాలు, ఒక్క చప్పుడు, అయిపోతుంది. పోయిందని చెప్పొచ్చు, దొంగలు పట్టుకుపోయారని చెప్పొచ్చు. తలుపు కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. రేవులో ఒక ఆడది బిందె ముంచుతోంది. కొంచెం అవతల గేదెలు మెడల దాకా మునిగి ఉన్నాయి. ఈ నీళ్ళే పొలాలకి వెళ్తాయి, పొలాల్లోంచి మురుగు కాలవలోకి, అక్కడి నుంచి కొల్లేరులోకి, తన అయ్య గుడిసె ఉన్న చోటికి. పొలంలోకి విసురుదామా? పొలంలో నడుం వంచినవాళ్ళున్నారు. గట్టు మీదా? గట్టు మీద పశువులు కాచేవాళ్ళు దాన్ని తెరిచి చూస్తారు, డబ్బా గట్టిదని ఇంటికి పట్టుకుపోతారు, కడిగి ఉప్పు పోసుకుంటారు. ప్రపంచమంతా ఎదురుగా ఎండలో పరుచుకుని ఉంది, దానిలో ఈ డబ్బా పెట్టడానికి చోటు లేదు. ఆమె కోపానికీ అంతే. డాక్టరు మీద విసరబోతే ఆయన ముద్దుగా నవ్వుతాడు, రాజుగారి మీద విసరబోతే ఆయన మొగ్గ తీసి జేబులో పెడతాడు, దేవుడి మీద విసురుదామంటే ఆయన కూడా ఒళ్ళంతా బూడిద పూసుకున్నవాడే. తిరిగి వచ్చి కూర్చుంది. డబ్బాని ఒళ్ళో కాకుండా బల్ల కింద, తన కాళ్ళ వెనక, గోడకి ఆనించి పెట్టింది.

అంకయ్య కళ్ళు తెరిచాడు.

"ఎక్కడిదాకా వచ్చామే?"

"చేబ్రోలు వస్తోంది."

"డబ్బా జాగర్తేనా?"

ఆమె చీర కుచ్చెళ్ళు బల్ల కింద డబ్బాకి అడ్డంగా లాక్కుంది.

"రేపు పొద్దున్నే మంచులో సూర్రావుకి చూపించాలి. ఎర్ర గులాబీకి మొగ్గపురుగు పడుతోంది. వాడికి చెయ్యి తిరిగేదాకా నేను పక్కనుంటాలే."

"నువ్వేం చూపించక్కర్లేదు మావా."

"నేను కాకపోతే ఎవరు చూపిస్తారే, ఆడి అక్కా?" నవ్వాడు. పాత నవ్వే, పళ్ళు మాత్రం ఇప్పుడు పొడుగ్గా కనిపిస్తున్నాయి. ఆమె నవ్వలేదు. ఈసారి నవ్వలేదని అతను గమనించాడు. కాసేపు ఆమె మొహం చూసి, కిటికీ వైపు తిరిగి, చాలా మెల్లగా అన్నాడు.

"మరి గదో?"

గది ఉంటే గోడ ఉంటుంది, గోడ ఉంటే అతను ఆనుకుని కూర్చుంటాడు. గది పోతే కొల్లేటి గట్టున తండ్రి గుడిసె, దాంట్లో ఇప్పటికే ఆరుగురు. చెయ్యి వణికే మనిషి వల అల్లలేడు, దోనె తొయ్యలేడు. ఇవన్నీ అతనికీ తెలుసు, అందుకే అంత మెల్లగా అడిగాడు. అతని మీద కూడా ఒక్కసారి భగ్గుమంది ఆమెకి, ఇంత వణుకుతూ కూడా ఎర్ర గులాబీకి పురుగు పడుతుందని బెంగపెట్టుకున్నాడే అని. వెంటనే ఆ మంటే తిరిగి ఇంకోలా అయింది, ఏమిటో ఆమెకే తెలియలేదు. ఏడుపు కాదు. ఏడిస్తే చల్లారేది. ఒక మాట మాత్రం స్పష్టంగా, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది. ఒక చెయ్యి ఇచ్చాం. గదికి ఆ అద్దె చాలు.

బండి నెమ్మదించింది. గూడెం మిల్లుల పొగగొట్టాలు, ఊక గుట్టలు, తడి ధాన్యం ఉడికిన వాసన. ప్లాట్‌ఫారం వచ్చింది. జనంలోంచి సూర్రావు పరిగెత్తుకొస్తున్నాడు, పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, బండితో పాటు పరిగెత్తుతూ పెట్టె పెట్టె కిటికీల్లోకి తొంగిచూస్తూ. వాళ్ళని చూసి మొహమంతా పళ్ళయింది. కిటికీ చెక్క పట్టుకుని నడుస్తూ వచ్చి బండి ఆగేసరికి వాడూ ఆగాడు.

"వచ్చేశారా బావా. డాక్టరేమన్నాడక్కా? రాజుగారు ఇందాకే అడిగారు, డబ్బా తెచ్చారా అని. ఇలా ఇచ్చెయ్, నేను పట్టుకుంటా."

రెండు చేతులూ కిటికీలోంచి లోపలికి చాపాడు. నల్లగా, నిలకడగా, వల దారం కోసిన చారలతో. గాలిలో అలా ఆగి ఉన్నాయి, దోసిలిలా, ఏం పెడితే అది పట్టుకుపోవడానికి.

నాంచారమ్మ కాలి మడమతో డబ్బాని ఇంకొంచెం వెనక్కి నెట్టింది. పక్కకి తిరిగి అంకయ్య ఒళ్ళోంచి తువ్వాలు తీసేసింది. అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, ఆమె మణికట్టు పట్టుకుంది. వద్దే, అన్నాడతను, నలుగురూ చూస్తారే. చూడనీ మావా, అంది. ఆ చేతిని ఎండలోకి ఎత్తి, కిటికీ చెక్క మీదుగా, సూర్రావు దోసిట్లో పెట్టింది. వాడి వేళ్ళని దాని చుట్టూ మూసి, పైన తన చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంది.

సూర్రావు నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కిందికి చూసుకున్నాడు. తొణకని వాడి చేతులు మోచేతుల దాకా కదలడం మొదలుపెట్టాయి.